ఉగ్గిన్నె మావ

గూట్లో ఉగ్గుగిన్నె లేదు.

శుక్రవారం దాకా అది తన చోటులోనే ఉంది. వంటింటి గూట్లో, ఉప్పు డబ్బా పక్కన, బోర్లించి. పసిపిల్లలకి పాలు పట్టే చిన్న ముక్కు గిన్నె. ఆ ఇంట్లో పసిపిల్లలు లేరు. దాంతో నీళ్ళు తాగేది ఒక్కరే, భవ్యశ్రీ మావగారు సన్యాసిరావు.

ఆదివారం ఉదయం భవ్య గూడంతా మూడోసారి వెతికింది. అత్తగారు నీలవేణి పొయ్యి దగ్గర కూర్చుని చూస్తూనే ఉంది. ఏం వెతుకుతున్నావని అడగలేదు. అడగకపోవడమే భవ్యకి జవాబులా అనిపించింది.

వసారాలో సన్యాసిరావు ముందు స్టీలు గ్లాసు ఉంది. దాన్నిండా నీళ్ళు పోసి పెట్టింది కొడుకు సాయికుమార్. ఆయన రెండు గుక్కలు తాగి, చుట్టూ చూసి, మిగతా నీళ్ళు కరివేపాకు మొక్క మొదట్లో పోశాడు. నిన్నా అలాగే చేశాడు. రెండు రోజులుగా ఆ మొక్క మొదలు ఆరలేదు.

శుక్రవారం వచ్చిన ఆ ఒక్క కామెంటు నుంచి ఇంట్లో ఎవరూ కలిసి అన్నం తినలేదు.

పెళ్ళై ఈ ఊరొచ్చిన రెండో నెల నుంచి భవ్య తన ట్యాబ్‌లో బొమ్మల కథ గీసి ఫోన్లో పెడుతోంది. ఒక్కోసారి నాలుగు గడులు, నాలుగు మాటలు. కథ పేరు ‘ఉగ్గిన్నె మావ’. ఉద్దానంలో ఒక పీనాసి కొబ్బరి రైతు కథ అది. బావి ఎండిపోతుందని ఆయన ఉగ్గుగిన్నెతో నీళ్ళు తాగుతాడు. దాహమైతే నిమ్మచెక్క చప్పరించి సరిపెట్టుకుంటాడు. తోటనిండా కాయలున్నా ఒక్క బొండాం కొట్టుకోడు. చేతులు రుద్దుకునే సబ్బు మిగులుతుందని నడివేసవిలో కూడా నిండు చేతుల చొక్కా వేసుకుంటాడు. ఎడం చెయ్యి అరిగిపోతుందని బరువులన్నీ కుడి చేత్తోనే మోస్తాడు. మావని చూసి నవ్వుకోవడానికి నలభై వేల మంది పోగయ్యారు.

శుక్రవారం బారువ నుంచి ఢిల్లీరావు అనే ఆయన రాశాడు. తాము పలాసలో వారానికి మూడు రోజులు డయాలసిస్ చేయించుకునేవాళ్ళమనీ, కుర్చీల్లో కూర్చుని ఈ బొమ్మలు చూస్తుంటామనీ, మావ పీనాసి కాదు, తమ మనిషేననీ. నీళ్ళు కొలుచుకుని తాగేది తాము. ఆ నీళ్ళు గుండెకి ప్రమాదమన్నారని బొండాం ముట్టుకోనిది తాము. సూదులు పడే చేతిని చొక్కా కింద దాచుకుని, దాంతో బరువెత్తనిది తాము. చివర్లో ఇంకో మాట. ‘మీరు సోమ, బుధ, శుక్రవారాల్లోనే బొమ్మ పెడతారు. అవే మా రోజులు. ఇది అనుకోకుండా జరిగిందంటే మేం నమ్మం.’

భవ్య నవ్వుకుని, అందరూ చూసేలా జవాబిచ్చింది. ‘మావ వట్టి పీనాసేనండీ. గీసిందాన్ని నేను, నాకు తెలీదా?’

దాని కింద రెండు రోజులుగా తగువు నడుస్తోంది. గీసిన మనిషే చెప్పాక ఇంక వాదన దేనికని కొందరు. గీసినంత మాత్రాన అన్నీ తెలియాలని ఎక్కడుందని కొందరు. మంగ అనే ఆవిడ మాత్రం ఒక్క ముక్క రాసి ఊరుకుంది. ‘నీకు తెలీకపోతే ఆ మావనే అడుగు తల్లీ.’

ఆ కామెంటునీ, తన జవాబునీ భవ్య ఆ సాయంత్రం మొగుడికి చదివి వినిపించింది. సాయికుమార్ కంచంలో చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. మర్నాటికి గూట్లో ఉగ్గుగిన్నె లేదు.

*

సాయికుమార్ బావి దగ్గర బండి కడుగుతున్నాడు. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ ఆఫీసులో పని. ఆదివారం ఒక్కటే సెలవు. భవ్య వెళ్ళి గిలక పక్కన నిలబడింది.

గిన్నె ఏదని అడిగింది. ఏ గిన్నె అన్నాడు. అతను గుడ్డ పిండి, పిండిన చోటే మళ్ళీ తుడిచాడు.

“ఆ బొమ్మలు ఆపీ భవ్యా,” అన్నాడు.

“ఎందుకు?”

“నాన్నని జనంలో నవ్వులపాలు సేత్తన్నావు.”

“ఆరు నెలల నుంచి నువ్వూ నవ్వావు కదా.”

అతను గుడ్డ మళ్ళీ తడిపాడు. చక్రం తిప్పి అవతలి వైపు తుడిచాడు. కాసేపటికి, ఆమె నాన్న ఫోన్ చేశాడనీ, పదకొండింటికి వస్తున్నాడనీ చెప్పాడు. ఊరికే చూసిపోదామని అన్నాడట.

భవ్య తండ్రి జగదీశ్వరరావు టెక్కలి రెవెన్యూ ఆఫీసులో గుమాస్తా. ఊరికే ఎక్కడికీ వెళ్ళే మనిషి కాదు. కూతురి బొమ్మలు పడీ పడగానే చూస్తాడు. కింద కామెంట్లు కూడా ఫైలు చదివినట్టు పై నుంచి కింద దాకా చదువుతాడు. పెళ్ళిమాటల రోజున ఈ వసారాలోనే కూర్చుని ఆయన ఒకే ఒక ప్రశ్న అడిగాడు. ఉద్దానమంతా పాకిన ఆ కిడ్నీ జబ్బు మీ ఇంట్లో ఎవరికైనా ఉందా అని. ఎవరికీ లేదని చెప్పింది సాయికుమారే.

“సాయీ,” అంది భవ్య.

“నీల్లు తోడీ,” అన్నాడు అతను, తల ఎత్తకుండా.

ఆమె రెండు చేదలు తోడి పెట్టి లోపలికి వచ్చేసింది.

గదిలో కూర్చుని ట్యాబ్ తెరిచింది. మొదటి బొమ్మ నుంచి మొదలుపెట్టి ఎనభై నాలుగూ వరసగా చూసింది. ఇదివరకు ఎప్పుడు చూసినా గీతలో తప్పులే కనబడేవి, ముక్కు వంకర పోయిందనో, కొబ్బరాకు సరిగ్గా పడలేదనో. ఇవాళ గీత కనబడలేదు. ఎనభై నాలుగు బొమ్మల్లో ఒక్కదాంట్లోనూ మావ ఎడం చెయ్యి ఎత్తలేదు. అలా ఎత్తకూడదని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. చూసింది గీసింది, అంతే. నవ్వు కోసం అరిగిపోతుందన్న మాట మాత్రం తను చేర్చింది.

సోమ, బుధ, శుక్రవారాలు కూడా తను ఎంచుకున్నవి కావు. ఆ మూడు రోజులూ మావగారు మొదటి బస్సుకి పలాస కొబ్బరి మండీకని వెళ్తాడు. ఆయన ఇంట్లో లేనప్పుడైతే ఆయన్ని గీయడానికి మొహమాటం ఉండదు. మధ్యాహ్నం తిరిగి వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా పొద్దు వాలే దాకా పడుకుంటాడు. దాని మీద కూడా ఒక బొమ్మ ఉంది. నిద్రపోతే ఆకలి వెయ్యదని మావ పడుకుంటాడు. దానికి అన్నిటికంటే ఎక్కువ మంది నవ్వారు.

ఊళ్ళో వాళ్ళు దాచారని కూడా అనుకోవడానికి లేదు. ఇక్కడ మూడిళ్ళకి ఒకరు డయాలసిస్ కోసం ఆ బస్సు ఎక్కుతారు. కొత్త కోడలికి పనిగట్టుకుని చెప్పాల్సిన సంగతని ఎవరికీ తోచి ఉండదు.

ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళింది. ఏమీ అడగలేదు. గుమ్మం దగ్గర నిలబడింది.

నీలవేణి ఆమె మొహం చూసింది. చూసి, లేచి, బియ్యం డబ్బా మూత తీసి, మోచేతి దాకా చెయ్యి పెట్టి ఉగ్గుగిన్నె పైకి తీసింది. చెంగుతో తుడిచి కోడలి చేతిలో పెట్టింది.

“నీకు సెప్పొద్దని నీ మొగుడు ఒట్టేయించుకున్నాడమ్మా,” అంది. “ఆడి నెత్తి మీద సెయ్యెట్టించి. మా ఇద్దరి సేతా.”

“మావయ్యకి ఎన్నాళ్ళ నుంచి ఈ జబ్బు అత్తమ్మా?”

“రెండేల్లు దాటిపోనాది.”

బయట మోటారు సైకిలు ఆగిన చప్పుడైంది. భవ్య గిన్నెని చేతిలో పట్టుకునే ఉంది. నీలవేణి దాన్ని మళ్ళీ తీసుకుని ఒక్క క్షణం తటపటాయించి, బియ్యంలోకి తోసేసింది.

*

జగదీశ్వరరావు కుర్చీలో కూర్చుని ఎండ గురించి మాట్లాడాడు, రోడ్డు గురించి మాట్లాడాడు. దారిలో పల్లెసారథి ఊళ్ళో మంచి టీ దొరకలేదన్నాడు. కూతుర్ని బొమ్మల గురించి ఒక్క మాట అడగలేదు. మాట్లాడుతున్నంతసేపూ ఆయన చూపు వియ్యంకుడి చొక్కా చేతుల మీదే ఉంది. సన్యాసిరావు మణికట్టు దగ్గర బొత్తాం పెట్టి ఉంది.

సాయికుమార్ తోటలోకి వెళ్ళి బొండాలు దింపించి తెచ్చాడు. మామూలుగా అయితే చుట్టానికి ఒకటి, తనకి ఒకటి చెక్కుతాడు. జగదీశ్వరరావు మూడు చెక్కమన్నాడు.

“నానొక్కన్నే తాగితే బాగోదు. మీరూ తీసుకోండి బావగారూ,” అన్నాడు.

సన్యాసిరావు ఇప్పుడే టీ తాగానన్నాడు. టీ తాగితే ఏమవుతుంది, చలువ చేస్తుంది, తీసుకోండన్నాడు జగదీశ్వరరావు. మీ తోట కాయే కదా, మా ముందు తాగడానికి మొహమాటం ఏటన్నాడు. మాట నవ్వుతూనే అన్నాడు. సాయికుమార్ చేతిలో కత్తి అలాగే ఉండిపోయింది. గుమ్మం వెనక నీలవేణి గాజులు ఒకసారి చప్పుడై ఆగిపోయాయి.

సన్యాసిరావు కుడి చెయ్యి చాపి బొండాం అందుకున్నాడు.

ఆయన కొడుకు వంక చూడలేదు, వియ్యంకుడి వంకా చూడలేదు. తన తోట కాయని ఎన్నడూ చూడనట్టు దాన్నే చూశాడు. తరవాత నెమ్మదిగా నోటి దగ్గరికి తీసుకెళ్ళాడు.

భవ్య రెండడుగులు వేసి, ఆయన చేతిలోంచి బొండాం తీసుకుంది. గుక్క తిప్పుకోకుండా సగం తాగింది. నీళ్ళు కొన్ని గడ్డం మీదుగా జారాయి. పమిట కొంగుతో తుడుచుకుంది.

“మావయ్య తాగరు నాన్నా,” అంది. “బొండాం తాగితే ఎండుకాయ ఒకటి తగ్గిపోయిందని నాలుగు రోజులు నిద్రపోరు. ఇంతకంటే పీనాసి మనిషి ఉద్దానంలో లేడు. నా బొమ్మలు చూస్తావు కదా, తెలీదా?”

సన్యాసిరావు మొహంలో ఏదో కదిలింది. అది నవ్వో కాదో భవ్యకి తెలియలేదు.

జగదీశ్వరరావు కూతురి వైపు చాలాసేపు చూశాడు. చిన్నప్పుడు లెక్క తప్పు చేసి పలక వెనక్కి దాచుకుంటే అలాగే చూసేవాడు.

“నువ్వు చెప్పేది కథలో మాటా, ఇంట్లో మాటా?”

“గీసిందాన్ని నేను నాన్నా,” అంది భవ్య. “నాకు తెలీదా?”

శుక్రవారం రాసిన మాటే. రాసినప్పుడు అందులో అబద్ధం లేదు.

ఆయన ఇంకేమీ అడగలేదు. భోజనం చేశాడు. చేపల పులుసు బాగుందన్నాడు. బయల్దేరేటప్పుడు బండి స్టాండు తీసి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు. రేపు పలాసలో తనకి ఆఫీసు పని ఉందట. పొద్దున్నే వస్తాడట.

“మీరు సోమవారం మండీలో ఉంటారు కదా బావగారూ. అక్కడే కలుస్తాను,” అన్నాడు. “ఇద్దరం కలిసి టిఫిన్ చేద్దాం.”

బండి మలుపు తిరిగే దాకా నలుగురూ అలాగే నిలబడ్డారు. ఎవరి మొహం ఎవరూ చూసుకోలేదు.

*

ఎండ తగ్గాక సన్యాసిరావు తోటలో కూర్చున్నాడు. రాలిన మట్టలు ఒక పక్కకి లాగి, కుడి చేత్తో ఈనెలు చీలుస్తున్నాడు. భవ్యని కేక వేసి పిలిచాడు. ఆమె వచ్చి ఎదురుగా మట్ట మీద కూర్చుంది.

ఆయన నోరు తెరిచేలోపే ఆమె మొదలుపెట్టింది. తనకి తెలియక గీశాననీ, జబ్బు మనిషిని నలభై వేల మంది ముందు పీనాసిని చేశాననీ, ఆ ఎనభై నాలుగూ తీసేస్తాననీ చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆయన ఈనె చీలుస్తూనే ఉన్నాడు.

“ఆ ఢిల్లీరావు రాసినాడు సూడు,” అన్నాడు చివరికి. “ఆ మాటలు ఆడివి కావమ్మా. నానే రాయించినాను.”

భవ్యకి వెంటనే అర్థం కాలేదు.

ఆయన నిదానంగా చెప్పాడు. పలాస డయాలసిస్ గదిలో ఢిల్లీరావుది తన పక్క కుర్చీ. మంగది దాని తరవాతది. నాలుగేసి గంటలు కదలడానికి ఉండదు. తొమ్మిదయ్యేసరికి కొత్త బొమ్మ వచ్చిందా లేదా అని అందరూ ఫోన్లు తీస్తారు. కళ్ళు కనపడని వాళ్ళకి మంగ చదివి చెబుతుంది. ఆ మావ తానేనని అక్కడ ఎవరికీ తెలియదు. అక్కడ ఉన్న అందరూ ఏదో ఒక చిన్న గిన్నెతోనో, సీసా మూతతోనో కొలుచుకుని తాగేవాళ్ళే, అనుమానం ఎందుకొస్తుంది. మొదట్లో వాళ్ళూ పీనాసి అనే నవ్వుకున్నారు. ఒక రోజు నిమ్మచెక్క బొమ్మ పడింది. ఆ రోజు తనకి ఉండబట్టలేదు. వీడు పీనాసోడు కాదర్రా, మనోడు అని తనే అన్నాడు. ఆ మాటతో గది గదంతా పాత బొమ్మలన్నీ మొదటి నుంచి మళ్ళీ చూశారు.

“నోటితో నీకు సెప్పనని ఒట్టేసినాను గానీ, ఇంకొకడి సేత రాయించనని ఎయ్యలేదు కదేటి,” అన్నాడు. “నువ్వు సదివి నాకాడికొత్తావనుకున్నాను. నువ్వేటో, కాదు పీనాసేనని రాసీసినావు.”

భవ్యకి నవ్వు రాబోయి ఏడుపు వచ్చింది. ఆయన అది చూడనట్టు ఈనెలు కట్టగట్టాడు.

“తీసీకు,” అన్నాడు. “ఒక్కటీ తీసీకు. అలాగని రోగం బొమ్మలేసి మమ్మల్ని ఏడిపించీకు. ఆడు మనోడే, పీనాసోడే. రెండూనూ. అక్కడ మాకు నవ్వాల.”

తరవాత ఆయన ఎడం చేతి మణికట్టు దగ్గర బొత్తాం విప్పాడు. చొక్కా మోచేతి పైదాకా మడిచాడు. ఎనిమిది నెలల్లో ఆ చెయ్యి ఆమె చూడటం అదే మొదటిసారి. చర్మం కింద, డయాలసిస్ సూదుల కోసం ఆపరేషన్ చేసి కలిపిన లావుపాటి నరం తాడులా మెలికలు తిరిగి ఉంది. దాని మీద వరసగా సూది మచ్చలు.

“సెయ్యెయ్యి,” అన్నాడు.

ఆమె అరచెయ్యి ఆనించింది. లోపల సన్నగా ఏదో అదురుతోంది. మూసిన గుప్పిట్లో తుమ్మెద ఉన్నట్టుంది. వెచ్చగా ఉంది. ఆగడం లేదు.

“ఇది బొమ్మలో ఎలగ ఏత్తావు?” అని అడిగాడు సన్యాసిరావు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

ఆమె లేచి వెళ్ళి ట్యాబ్ తెచ్చుకుంది. ఆయన ఇంట్లో ఉండగా, ఆయన ఎదురుగా అది తెరవడం ఎప్పుడూ లేదు. నాలుగు గడులు గీసింది. మొదటి గడిలో మావ బస్సు కిటికీ పక్కన కూర్చున్నాడు. ఎడం చెయ్యి కిటికీ మీద ఉంది. చొక్కా మోచేతి దాకా మడిచి ఉంది. నరం దగ్గరికి వచ్చేసరికి గీత ఆగిపోయింది. వంకర గీత ఒకటి వేసి చెరిపింది. మూడు సన్నటి గీతలు వేసి చెరిపింది.

వెనక మట్టలు నలిగిన చప్పుడైంది. సాయికుమార్ ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలియదు. తండ్రి చెయ్యి చూశాడు. ట్యాబ్‌లో మావ చెయ్యి చూశాడు.

ఆరోజు నిజం చెప్పి ఉంటే నువ్వు ఈ ఇంటికి వచ్చేదానివా అని అడిగాడు. గొంతు పెద్దది చేయలేదు. భవ్య ఆలోచించింది. మా నాన్న పంపేవాడు కాదు, నన్ను మాత్రం నువ్వు అడగలేదు అంది.

అతను తండ్రి పక్కన కూలబడ్డాడు. ఈ బొమ్మ మీ నాన్న చూస్తాడు అన్నాడు.

“రేపు తొమ్మిదింటికి పెడతాను,” అంది భవ్య. “ఆయన ఎనిమిదికే మండీలో ఉంటాడు. అక్కడ మావయ్య ఉండరు. మా నాన్నకి నువ్వు చెబుతావా, నా బొమ్మ చెప్పాలా?”

సన్యాసిరావు కొడుకు చెయ్యి తీసి తన నెత్తి మీద పెట్టుకున్నాడు.

“మా సేత ఏయించిన ఒట్టు ఒగ్గీరా,” అన్నాడు.

సాయికుమార్ జేబులోంచి ఫోన్ తీశాడు. జగదీశ్వరరావు పేరు దాకా వెళ్ళి అతని బొటనవేలు ఆగిపోయింది. ముగ్గురూ ఆ వేలి వంకే చూస్తున్నారు. వంటింట్లో నీలవేణి ఉగ్గుగిన్నె కడిగి గూట్లో బోర్లించిన చప్పుడు తోట దాకా వినబడింది.